ఓపెన్‌ఫోమ్ కేసు ఎక్కడ ఆగింది? లక్షణం చూసి కారణం పట్టే దారి

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి లాంటి చోట్ల డక్టులు, బ్లోయర్లు, ఫార్మా రియాక్టర్లు చేసే చిన్న కంపెనీకి ఫ్లో సిమ్యులేషన్ అవసరం ఉంటుంది, ఏటా లైసెన్సు కట్టే స్తోమత ఉండకపోవచ్చు. 2004లో జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద విడుదలైన ఫ్లో సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఫోమ్ ఆ ఖర్చు తప్పిస్తుంది. కాకపోతే ఇందులో బటన్లు నొక్కే కిటికీ ఉండదు, అంతా టెక్స్ట్ ఫైళ్లే. ఒక సిమ్యులేషన్‌కి కావాల్సిన ఆ ఫైళ్ల ఫోల్డర్‌నే కేసు అంటారు. తప్పు ఎక్కడుందో సాఫ్ట్‌వేర్ చెబుతుంది, కానీ లాగ్ ఫైల్లో చెబుతుంది. అందుకే ప్రతి కమాండ్ అవుట్‌పుట్‌నీ లాగ్‌లోకి పంపండి, చదివేటప్పుడు ఆఖరి లైను నుంచి కాకుండా మొదట కనిపించిన హెచ్చరిక నుంచి చదవండి.

వెతికే వరుస ఇది: ముందు వర్షన్, తర్వాత యూనిట్లు, తర్వాత మెష్ (ప్రవాహం ఉండే చోటును చిన్న సెల్స్‌గా విడగొట్టిన వల), తర్వాత బౌండరీలు (అంచుల దగ్గర ఇచ్చే విలువలు), అన్నిటికన్నా ఆఖరున స్కీములు (లెక్క వేసే పద్ధతులు), రిలాక్సేషన్ (ఒక్కో ఇటరేషన్‌లో, అంటే ఒక్కో విడత లెక్కలో, విలువను ఎంత మారనివ్వాలో చెప్పే అంకె). చాలామంది తలకిందులుగా చేస్తారు. సాల్వర్ (ప్రవాహ సమీకరణాలు లెక్కకట్టే ప్రోగ్రామ్) పేలగానే రిలాక్సేషన్ తగ్గిస్తారు. పాడైన మెష్ మీద కేసు ఎలాగో నడుస్తుంది, తప్పు అంకె రిపోర్టులోకి ఎక్కుతుంది.

లక్షణం: ఇన్‌స్టాల్ అయింది కానీ "కమాండ్ నాట్ ఫౌండ్" అంటోంది

ఎన్విరాన్‌మెంట్, అంటే కమాండ్లు ఎక్కడున్నాయో టెర్మినల్‌కి చెప్పే సెట్టింగులు, లోడ్ కాలేదు. ఓపెన్‌ఫోమ్ ఫౌండేషన్, ఓపెన్‌సీఎఫ్‌డీ అనే రెండు సంస్థల నుంచి వస్తుంది. ఫౌండేషన్ ప్యాకేజీ స్లాష్ ఆప్ట్ కింద, ఓపెన్‌సీఎఫ్‌డీ ప్యాకేజీ స్లాష్ యూఎస్‌ఆర్ స్లాష్ లిబ్ స్లాష్ ఓపెన్‌ఫోమ్ కింద కూర్చుంటాయి. ఆ ఫోల్డర్‌లోని ఈటీసీ స్లాష్ బాష్‌ఆర్‌సీ ఫైలును సోర్స్ చేయాలి. రెండు వర్షన్లు పక్కపక్కన ఉంచుకుంటే ఒక్కోదానికి ఒక్కో ఏలియాస్ (పొట్టి కమాండ్ పేరు) పెట్టుకోండి. రెండూ ఒకే టెర్మినల్‌లో లోడ్ చేయవద్దు.

లక్షణం: నెట్‌లో దొరికిన కేసు మన దగ్గర నడవడం లేదు, "ఫైల్ దొరకలేదు" లేదా "అన్‌నోన్" అంటోంది

కొత్తవాళ్ల టైం ఎక్కువగా తినేది ఇదే. ఓపెన్‌ఫోమ్ ఒకటి కాదు, రెండు ప్రధాన శాఖలు. ఫౌండేషన్ వాళ్లది 10, 11, 12 అని అంకెలతో వస్తుంది. ఓపెన్‌సీఎఫ్‌డీ వాళ్లది 2312, 2406 లాగా ఏడాది, నెల కలిపి, ఏటా రెండుసార్లు వస్తుంది. ఫైళ్ల పేర్లు కూడా వేరు. ఒక శాఖలో ట్రాన్స్‌పోర్ట్‌ప్రాపర్టీస్ అని ఉన్నది ఇంకో శాఖ కొత్త వర్షన్లలో ఫిజికల్‌ప్రాపర్టీస్ అయింది, టర్బులెన్స్‌ప్రాపర్టీస్ మొమెంటమ్‌ట్రాన్స్‌పోర్ట్ అయింది. ఫౌండేషన్ 11 నుంచి సింపుల్‌ఫోమ్ అనే సాల్వర్ స్థానంలో ఫోమ్‌రన్ కమాండ్, దానికి ఇన్‌కంప్రెసిబుల్‌ఫ్లూయిడ్ అనే సాల్వర్ మాడ్యూల్ వచ్చాయి.

పరిష్కారం: ఆఫీసు మొత్తానికి ఒకే శాఖ, ఒకే వర్షన్ ఖాయం చేయండి. కేసును నెట్ నుంచి తెచ్చుకోకండి, మీ ఇన్‌స్టాలేషన్‌లోనే ఉన్న ట్యుటోరియల్స్ ఫోల్డర్ నుంచి దగ్గరి కేసు కాపీ చేసుకోండి. ఏ ఆప్షన్లు చెల్లుతాయో తెలియకపోతే ఆ చోట "బనానా" అని రాసి రన్ చేయండి. సాల్వర్ ఆగిపోయి, చెల్లే పేర్ల జాబితా మొత్తం చూపిస్తుంది. యూజర్లు ఏళ్లుగా వాడుతున్న పద్ధతి ఇది, నిస్సంకోచంగా వాడండి.

లక్షణం: మెష్ చేసే స్నాపీహెక్స్‌మెష్ నిమిషంలో ముగిసింది, డక్టు మాత్రం కనబడదు

క్యాడ్ నుంచి ఆకారాన్ని తెచ్చే ఎస్‌టీఎల్ ఫైలుకి యూనిట్లు తెలియవు. క్యాడ్‌లో మిల్లీమీటర్లలో గీసిన 500 వ్యాసం డక్టును ఓపెన్‌ఫోమ్ 500 మీటర్లుగా చదువుతుంది. ముందు సర్ఫేస్‌చెక్ కమాండ్ నడిపి బౌండింగ్ బాక్స్ (ఆకారం మొత్తం పట్టే పెట్టె) అంకెలు చూడండి. వెయ్యి రెట్లు ఉంటే సర్ఫేస్‌ట్రాన్స్‌ఫార్మ్‌పాయింట్స్‌తో 0.001 స్కేలు ఇవ్వండి. ఆప్షన్ రాసే తీరు శాఖను బట్టి మారుతుంది, హెల్ప్ చూసి రాయండి.

యూనిట్లు సరిగానే ఉండి కూడా మెష్ డక్టు బయట మిగిలితే, మెష్ ఏ వైపు ఉంచాలో చెప్పే లొకేషన్‌ఇన్‌మెష్ పాయింటు చూడండి. అది గాలి ఉండే చోటులోనే ఉండాలి, ఏ సెల్ అంచు మీదా పడకూడదు. 0, 0, 0 అని రాయకండి, 0.0137 లాంటి అంకెలు వేయండి. లోపలా బయటా రెండు చోట్లా సెల్స్ మిగిలితే సర్ఫేస్‌లో చిల్లు ఉన్నట్టు. సర్ఫేస్‌చెక్ "సర్ఫేస్ ఈజ్ నాట్ క్లోజ్డ్" అంటే క్యాడ్‌కి తిరిగి వెళ్లి చిల్లు మూయండి. చిల్లు సెల్ కన్నా పెద్దదైతే మెష్ అందులోంచి కారిపోతుంది.

లక్షణం: గోడ దగ్గర లేయర్లు (పలచటి సెల్ పొరలు) రాలేదు, లేదా కొన్ని చోట్లే వచ్చాయి

స్నాపీ లాగ్ చివర్లో ప్రతి ప్యాచ్‌కి (అంచు భాగానికి) ఎన్ని లేయర్లు, ఎంత మందం వచ్చిందో పట్టిక ఉంటుంది. ఫలితాల బొమ్మలు చూపించే పారావ్యూలో బొమ్మ చూసి తృప్తిపడకుండా ఆ పట్టిక చదవండి. కారణం సాధారణంగా రెండింట్లో ఒకటి: కోరిన మందం పక్క సెల్‌కి పొసగక క్వాలిటీ నియమాలు లేయర్‌ని వెనక్కి తీసుకున్నాయి, లేదా ఫీచర్‌యాంగిల్ (ఎంత వంపు వరకు లేయర్లు వేయాలో చెప్పే కోణం) 60 దగ్గరే ఉండడంతో మూలల దగ్గర లేయర్లు ఆగిపోయాయి. మూడు లేయర్లు, ఎక్స్‌పాన్షన్ 1.2, ఆఖరి లేయర్ మందం పక్క సెల్‌లో 0.4 వంతుతో మొదలుపెట్టి, యాంగిల్‌ని 130 వరకు పెంచి చూడండి.

ఎంత మందం కావాలన్నది వై ప్లస్ (గోడ నుంచి మొదటి సెల్ దూరాన్ని కొలిచే యూనిట్లు లేని అంకె) తేలుస్తుంది. వాల్ ఫంక్షన్ (గోడ పక్క ప్రవాహాన్ని సూత్రంతో అంచనా వేసే పద్ధతి) వాడితే వై ప్లస్ 30 నుంచి 300 మధ్య ఉండాలి. 0.5 మీటర్ల డక్టులో గాలి సెకనుకు 10 మీటర్ల వేగంతో వెళ్తే, వై ప్లస్ 50 కోసం గోడ నుంచి మొదటి సెల్ మధ్యబిందువు దాదాపు 2 మిల్లీమీటర్లు, అంటే సెల్ ఎత్తు 4 మిల్లీమీటర్లు. రన్ అయ్యాక వైప్లస్ ఫంక్షన్‌తో నిజంగా ఎంత వచ్చిందో సరిచూసుకోండి.

లక్షణం: "ఫ్లోటింగ్ పాయింట్ ఎక్సెప్షన్" అని సాల్వర్ కూలిపోయింది

కూలిన చోటు కన్నా దానికి కొన్ని ఇటరేషన్ల ముందు ఏం జరిగిందో చూడండి. "బౌండింగ్ ఒమేగా, మిన్" అని మైనస్ అంకె ఒకసారి వచ్చి తగ్గిపోతే కంగారు అక్కర్లేదు (కే, ఒమేగా, ఎప్సిలాన్ అన్నవి ప్రవాహంలోని అల్లకల్లోలాన్ని, అంటే టర్బులెన్స్‌ని, లెక్కకట్టే విలువలు). ప్రతి ఇటరేషన్‌లో వస్తూ మ్యాక్స్ అంకె వందల రెట్లు పెరుగుతుంటే ఒక సెల్ చెడింది.

ముందు చెక్‌మెష్ నడపండి. నాన్ ఆర్థోగొనాలిటీ (పక్క సెల్స్ మధ్య గీత వాటి ఉమ్మడి ముఖానికి లంబం నుంచి ఎంత వాలిందో) 70 డిగ్రీలు దాటినా, స్క్యూనెస్ (సెల్ వంకర) 4 దాటినా అది మీకు చెబుతుంది. నాన్ ఆర్థోగొనాలిటీ 70కి కాస్త అటూ ఇటూ ఉంటే ఎఫ్‌వీస్కీమ్స్ ఫైల్లోని లాప్లేసియన్, ఎస్‌ఎన్‌గ్రాడ్ స్కీముల్ని లిమిటెడ్ కరెక్టెడ్ 0.33కి మార్చి, నాన్ ఆర్థోగొనల్ కరెక్టర్లు 1 లేదా 2 పెట్టండి. 80 దాటితే స్కీములతో కాపాడాలని చూడకండి. మళ్లీ మెష్ చేయండి.

మెష్ బాగుంటే ఇన్‌లెట్ విలువలు చూడండి. ఒమేగాకి, ఎప్సిలాన్‌కి సున్నా ఇస్తే భాగహారంలోనే పేలుతుంది. ట్యుటోరియల్ నుంచి కాపీ అయిన విలువలు మీ డక్టుకి సరిపడవు. పైన చెప్పిన డక్టుకే లెక్క: టర్బులెన్స్ తీవ్రత 5 శాతం అనుకుంటే కే విలువ 1.5 గుణించు 0.5 వర్గం, అంటే 0.375. పొడవు కొలత వ్యాసంలో 0.07 వంతు, అంటే 0.035 మీటర్లు. దాంతో ఒమేగా దాదాపు 32, ఎప్సిలాన్ దాదాపు 1.08 వస్తాయి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే స్కీముల జోలికి వెళ్లండి. కే, ఒమేగాలకు బౌండెడ్ గాస్ అప్‌విండ్ ఉంచండి. వేగానికి మొదటి 200 ఇటరేషన్లు అప్‌విండ్‌తో నడిపి, తర్వాత లీనియర్‌అప్‌విండ్‌కి మార్చండి. రిలాక్సేషన్ ప్రెషర్‌కి 0.3, వేగానికి 0.7 సురక్షితం. మొదటి ఆర్డర్ అప్‌విండ్‌తో వచ్చిన జవాబును కస్టమర్‌కి ఇవ్వకండి. అది ప్రవాహాన్ని కృత్రిమంగా చదును చేస్తుంది.

లక్షణం: రన్ ముగిసింది, ప్రెషర్ అంకె మాత్రం నమ్మబుద్ధి కావడం లేదు

సింపుల్‌ఫోమ్, పింపుల్‌ఫోమ్ లాంటి ఇన్‌కంప్రెసిబుల్ సాల్వర్లలో పీ అంటే పాస్కల్ కాదు, ప్రెషర్‌ని సాంద్రతతో భాగించిన విలువ. పాస్కల్ కావాలంటే సాంద్రతతో గుణించాలి. ఏ సాంద్రతతో అన్నది హైదరాబాద్‌లో ముఖ్యమైన ప్రశ్న. పుస్తకాల్లో కనిపించే 1.225 సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీల సెల్సియస్‌లో ఉండే విలువ. మన ఊరు సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది, వాతావరణ పీడనం సుమారు 95 వేల పాస్కల్స్. మే నెల 40 డిగ్రీల ఎండలో సాంద్రత 1.06 దగ్గరే. 1.225 వాడితే ప్రెషర్ డ్రాప్, ఫోర్సు సుమారు 15 శాతం ఎక్కువ చూపిస్తాయి, ఆ లెక్కన ఫ్యాన్ మోటారు కూడా పెద్దది ఎంచుకుంటారు. ఫోర్సెస్ ఫంక్షన్‌లో ఆర్‌హెచ్‌ఓఇన్ఫ్ అనే లైను కూడా చూడండి, మోటార్‌బైక్ ట్యుటోరియల్‌లో అది 1 అని ఉంటుంది.

కస్టమర్ డ్రాయింగ్ ముట్టుకునే ముందు జవాబు తెలిసిన కేసు ఒకటి నడపండి. 20 మీటర్ల నున్నటి డక్టు, పైన చెప్పిన 0.5 మీటర్ల వ్యాసం, సెకనుకు 10 మీటర్ల వేగం, సాంద్రత 1.06, రెనాల్డ్స్ సంఖ్య 2 లక్షల 78 వేల దగ్గర. డార్సీ ఫ్రిక్షన్ ఫ్యాక్టర్ (గోడ రాపిడి గుణకం) 0.0147 వస్తుంది. ఆఖరి 5 మీటర్లలో ప్రెషర్ డ్రాప్ దాదాపు 7.8 పాస్కల్స్ రావాలి, పారావ్యూలో పీ తేడాగా అయితే 7.3 కనిపిస్తుంది. ఇన్‌లెట్ దగ్గరి భాగం ఇందులో కలపకండి, అక్కడ ప్రవాహం ఇంకా కుదురుకోదు. 10 శాతం కన్నా ఎక్కువ తేడా ఉంటే అసలు పని మొదలుపెట్టకండి.

లక్షణం: ఎర్రర్ ఏమీ లేదు, "కిల్డ్" అని మాత్రం వచ్చింది

ర్యామ్ చాలలేదు. సాల్వర్‌కి పది లక్షల సెల్స్‌కి 1 నుంచి 2 జీబీ లెక్కేసుకోండి, స్నాపీకి అంతకన్నా ఎక్కువ కావాలి. విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ 2 వాడేవాళ్లకి ఇంకో చిక్కు: అది మామూలుగా మెషీన్ ర్యామ్‌లో సగమే తీసుకుంటుంది. డబ్ల్యూఎస్‌ఎల్‌కాన్ఫిగ్ ఫైల్లో మెమరీ పెంచండి. కేసును సీ డ్రైవ్‌లో ఉంచకుండా లినక్స్ హోమ్‌లో పెట్టండి, చదవడం రాయడం చాలా వేగంగా జరుగుతుంది.

లక్షణం: కోర్లు రెట్టింపు చేశాం, వేగం పెరగలేదు

ఈ సాల్వర్లు ప్రాసెసర్ కన్నా మెమరీ వేగం మీద ఎక్కువ ఆధారపడతాయి. హైపర్‌థ్రెడ్లు లెక్కలోకి తీసుకోకండి, నిజమైన కోర్లే వాడండి. ఒక్కో కోర్‌కి 50 వేల సెల్స్ కన్నా తక్కువ పడేలా మెష్‌ని ముక్కలు చేస్తే కోర్లు ఒకదానితో ఒకటి డేటా మార్చుకోవడానికే టైం పోతుంది. ఖర్చు పెట్టేటప్పుడు ఎక్కువ కోర్ల కన్నా అన్ని మెమరీ ఛానళ్లూ నింపడం ముందు.

లక్షణం: కరెంటు పోయింది, మళ్లీ స్టార్ట్ చేస్తే ఫైలు చదవలేనంటోంది

ఆఖరి టైం ఫోల్డర్ సగం రాసి ఆగిపోయింది. అన్ని ప్రాసెసర్ ఫోల్డర్లలోంచీ ఆ టైం ఫోల్డర్‌ని తీసేయండి. ఒక్కదాంట్లో మిగిలినా తిరిగి లేవదు. రన్ సెట్టింగుల ఫైలు కంట్రోల్‌డిక్ట్‌లో స్టార్ట్‌ఫ్రమ్ లేటెస్ట్‌టైమ్ ఉంచండి, ఎన్ని పాత టైం ఫోల్డర్లు ఉంచాలో చెప్పే పర్జ్‌రైట్ 3 పెట్టండి. 1 పెడితే ఆ పాడైన ఫోల్డరే మీ ఏకైక బ్యాకప్ కావచ్చు.

లక్షణం: ఒక్క ఇంజనీరు వెళ్లిపోతే పని మొత్తం ఆగిపోతోంది

కేసులు ఆ మనిషి ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. ఓపెన్‌ఫోమ్ కేసు టెక్స్టే కాబట్టి ఫైళ్ల మార్పులు దాచే గిట్‌లో చక్కగా ఒదుగుతుంది. సిస్టం, కాన్‌స్టంట్, జీరో ఫోల్డర్లు, ఆల్‌రన్ స్క్రిప్టు, ఎస్‌టీఎల్ ఫైలు అందులో పెట్టండి. మెష్, ఫలితాలు వద్దు, ఆల్‌రన్ నడిపితే అవే తిరిగి వస్తాయి. రీడ్‌మీలో మూడు విషయాలు రాయండి: శాఖా వర్షనూ, వాడిన సాంద్రత, పోల్చి చూసిన అంకె. కొత్తగా చేరినవాళ్లకి మొదటి పని ఆ డక్టు కేసును క్లోన్ చేసి 7.8 పాస్కల్స్ తెప్పించడమే కావాలి.

జీపీఎల్ వల్ల కస్టమర్ డిజైన్ బయటపెట్టాల్సి వస్తుందేమోనని యజమానులు అడుగుతారు. అక్కర్లేదు. కేసు ఫైళ్లు, ఫలితాలు మీవే. మీరు మార్చిన సాల్వర్‌ని బయటివాళ్లకి ఇస్తేనే దాని సోర్సు కూడా ఇవ్వాలి.