రాక్‌వెల్ జీవితంపై సెమినార్ పత్రం రాయవలసిన తీరు

రెండో ప్రపంచ యుద్ధానంతర తీవ్ర మితవాదం, అంటే ఫార్ రైట్ రాజకీయాలపై పత్రం సమర్పించవలసిన నెల్లూరు, ఒంగోలు డిగ్రీ విద్యార్థులకు అమెరికన్ నాజీ పార్టీ స్థాపకుడు జార్జ్ లింకన్ రాక్‌వెల్ జీవితం తగిన అంశమే. చిక్కంతా మనకు బడిలో అలవాటైన జీవితచరిత్ర మూసతోనే. టంగుటూరి ప్రకాశం పంతులు గారిపై వ్యాసానికి పెట్టినట్టే జననం, విద్య, పోరాటాలు, నిర్యాణం అని శీర్షికలు పెట్టుకుంటూ పోతే, ఈ పత్రం కూడా తెలియకుండానే నివాళిగా మారిపోతుంది.

అందువల్ల ముందుగా ఒక తెల్లకాగితాన్ని నిలువుగా మడిచి, ఎడమవైపు అతడు చేసినవాటిని, కుడివైపు వాటి ఫలితాలను రాసుకోవాలి. 1959లో వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో పార్టీ పెట్టాడని ఎడమవైపు రాస్తే, రిజర్వు అధికారిగా ఉన్న అతడిని 1960లో అమెరికా నౌకాదళం తొలగించిందని కుడివైపు చేరుతుంది. 1965లో వర్జీనియా గవర్నరు పదవికి పోటీ చేశాడన్న వాక్యానికి ఎదురుగా 5,730 ఓట్లు, అంటే సుమారు ఒక శాతం, అని కనబడాలి.

ఇంత తక్కువ బలమున్న మనిషి పేరు దేశమంతా ఎలా మోగిందన్నదే పత్రానికి అసలు ప్రశ్న కనుక, ఎక్కువ పేజీలు దీనికే కేటాయించాలి. అతడు బొమ్మలు గీయడం నేర్చినవాడు, మెయిన్ రాష్ట్రంలో ప్రకటనల సంస్థ నడిపినవాడు. ఈ వివరాన్ని విద్యాభ్యాసం కింద పెట్టి వదిలేయకుండా, 1961 నాటి సంఘటనతో కలిపి చూపాలి. బస్సుల్లో వర్ణవివక్షకు వ్యతిరేకంగా ఫ్రీడమ్ రైడర్లు దక్షిణాదికి ప్రయాణిస్తున్న ఆ రోజుల్లో, అతడు ఒక ఫోక్స్‌వ్యాగన్ వ్యానుపై ద్వేష నినాదాలు రాయించి, అనుచరులతో న్యూ ఆర్లీన్స్‌కు పంపించాడు. అరెస్టులూ గొడవలూ జరిగితేనే పత్రికల్లో చోటు దొరుకుతుందని అతడికి బాగా తెలుసు. ఆ లెక్క పసిగట్టిన యూదు సంస్థలు, ఎదురెళ్లి గొడవ పడవద్దని తమవారికీ, ప్రచారం ఇవ్వవద్దని పత్రికలకూ నచ్చజెప్పాయి. నా దృష్టిలో ఈ ప్రతివ్యూహం లేని పత్రం సగం పత్రమే.

అతడు తన గురించి తాను రాసుకున్న పుస్తకాన్ని, లోకం తనను ఎలా చూడాలని కోరుకున్నాడో చెప్పడానికే వాడుకోవాలి; సంఘటనలకు మరొక ఆధారం ఉండాలి. దూషణలను యథాతథంగా ఎత్తి రాయనక్కరలేదు, ఎవరిని ఏమని నిందించాడో మన మాటల్లో చెబితే చాలు. పిచ్చివాడని తేల్చేయడమూ సరికాదు. హిట్లర్ పక్షంపై జరిగిన యుద్ధంలో నౌకాదళ విమానచోదకుడిగా పనిచేసిన అతడే, కొరియా యుద్ధకాలంలో మళ్లీ కొలువులోకి పిలిపించినప్పుడు శాన్ డియేగోలో హిట్లర్ పుస్తకం చదివి నాజీగా మారాడు. కమ్యూనిస్టు భయం అమెరికాను ఊపేస్తున్న కాలమది; ఆ నేపథ్యానికి ఒక పేరా ఇవ్వాలి.

మరణానికి రెండు వాక్యాలు చాలు: 1967 ఆగస్టు 25న ఆర్లింగ్టన్‌లో ఒక లాండ్రీ దుకాణం బయట, పార్టీ నుంచి వెళ్లగొట్టబడిన జాన్ ప్యాట్లర్ అతడిని కాల్చి చంపాడు. కల్పెపర్ సైనిక శ్మశానంలో అంత్యక్రియలకు వచ్చిన అనుచరులు నాజీ చిహ్నాలు తీయడానికి ఒప్పుకోకపోవడంతో ఖననం ఆగిపోయింది. పత్రాన్ని అక్కడితో ముగించకూడదు. పార్టీ పగ్గాలు అనుచరుడు మాట్ కోల్ చేతికి వెళ్లడాన్నీ, రాక్‌వెల్‌తో పనిచేసిన విలియం పియర్స్ 1974లో నేషనల్ అలయన్స్ అనే నయా నాజీ సంస్థను స్థాపించడాన్నీ చివరి పేజీలో చేర్చాలి.