గాలివానలకి ముందే: ఉడుత పిల్ల కింద పడితే ఏం చెయ్యాలి

ఏప్రిల్ వచ్చిందంటే సాయంత్రాలు ఈదురుగాలులు మొదలు, అదే టైంలో కరెంటోళ్లు వైర్లకి తగులుతున్నాయని కొమ్మలు కొట్టేస్తారు, మనం కూడా వానాకాలం లోపు కొబ్బరిచెట్టు ఎక్కించి ఎండు మట్టలు తీయిస్తాం. ఉడుత గూళ్లు ఎక్కువగా ఉండేదేమో ఆ మట్టల మధ్యే. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనకా, వెంటిలేటర్‌లోనూ పీచు, దూది, చీర దారాలు లాక్కొచ్చి కట్టేస్తుంది. అందుకే చెట్టు ఎక్కే అతనికి ముందే చెప్పండి, గూడు కనబడితే ఆ ఒక్క మట్ట వదిలెయ్యమని. ఓ నెల ఆగి కొట్టించుకుంటే కొంపలేం మునిగిపోవు.

సరే, పడింది అనుకుందాం. దెబ్బ తగల్లేదు, ఒళ్లు వెచ్చగా ఉంది అంటే మొదట తల్లికే ఇచ్చే ప్రయత్నం చెయ్యాలి. మనిషి చెయ్యి తగిలితే తల్లి ముట్టుకోదు అంటారు చూడండి, అది ఉత్త మాట, నోటితో కరచుకుని తీసుకెళ్లిపోతుంది. చిన్న అట్టపెట్టెలో గుడ్డ వేసి ఆ చెట్టుకే కట్టి, పిల్లని లోపల పెట్టి, కాకులు రాకుండా దూరం నుంచి చూస్తూ ఉండండి, పక్కనే నిలబడితే మాత్రం అది రాదు. ఉడుత పగలు తిరిగేది, చీకటి పడ్డాక ఎదురుచూడటం దండగ, పిల్లని లోపలికి తెచ్చేసి పొద్దున్నే మళ్లీ పెట్టి చూడండి.

తల్లి రాకపోతే, లేదా పిల్లి నోట్లోంచి తీశారు, చీమలు పట్టాయి అంటే ఇక మనమే. పిల్లి పన్ను గాటు పైకి చిన్నగానే ఉంటుంది కానీ లోపల చీము పడుతుంది, ఆ రోజే వెటర్నరీ డాక్టర్‌కి చూపించాల్సిందే.

ఇక్కడే చాలామంది పిల్లల్ని చంపేసేది: జాలిపడి వెంటనే పాలు పట్టేస్తారు. ఒళ్లు చల్లగా ఉన్న పిల్లకి పాలు అరగవు. ముందు వెచ్చదనం. సీసాలో గోరువెచ్చని నీళ్లు పోసి గుడ్డ చుట్టి పెట్టెలో ఒక పక్కనే పెట్టండి, ఎక్కువైతే అది రెండో పక్కకి జరగడానికి చోటుండాలి. ఒళ్లు వెచ్చబడ్డాకే మెడికల్ షాపు ఓఆర్‌ఎస్ చుక్కలు, అదీ పౌడర్ కలిపింది, జ్యూస్ లాగా అట్టడబ్బాలో అమ్మేది కాదు. ఆ తర్వాతే పాలు, అవి కూడా ఆవుపాలు గేదెపాలు కాదు, విరేచనాలు పట్టుకుని పోతాయి. కుక్కపిల్లలకి వాడే పాలపొడి ఎలా కలపాలో డాక్టర్‌ని అడగండి.

పట్టేది 1 ఎంఎల్ సిరంజితో, సూది తీసేసి. పిల్ల బోర్లా ఉండాలి, వెల్లకిలా పడుకోబెట్టి పట్టారో పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కులోంచి పాలొస్తే వెంటనే ఆపి తల కిందకి వంచి తుడవండి. ఒక్కోసారికి బరువులో ఇరవయ్యో వంతు చాలు, అంటే 10 గ్రాముల పిల్లకి అర ఎంఎల్. కళ్లు తెరవని పిల్లకి రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా (ఇంట్లో ఇద్దరు వంతులేసుకోకపోతే కష్టమే). ప్రతిసారీ తడి దూదితో కింద మెల్లగా రాస్తేనే ఉచ్చ పోస్తుంది, అది తల్లి నాకి చేయించే పని.

కళ్లు తెరిచాక ముద్దులు తగ్గించండి. భుజమ్మీద ఎక్కించుకుని రీల్స్ తీస్తే బయట ప్రతి మనిషి దగ్గరకీ, ప్రతి కుక్క దగ్గరకీ వెళ్తుంది. బిస్కెట్లు, వేరుశనగలే మేపితే కాల్షియం తగ్గి ఎముకలు మెత్తబడి వెనక కాళ్లు పడిపోతాయి, కాబట్టి ఆకులు, పళ్లు, లేత కొమ్మలు, కాస్త పొద్దుటెండ. కరిచిందా, సబ్బూ ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి డాక్టర్ దగ్గరకి వెళ్లండి.

పాలు పూర్తిగా మానేసి, గింజ తనే కొరుక్కుని, మనల్ని చూస్తే దాక్కుంటోంది అంటే వదిలే టైం వచ్చినట్టే. వాన లేని రోజు పొద్దున్న, వేరే ఉడుతలు తిరిగే చెట్టు దగ్గర, పంజరం తలుపు తీసి ఊరుకోండి. పంజరం కొన్నాళ్లు అక్కడే ఉంచి రోజూ తిండీ నీళ్లూ పెట్టండి, మొదట్లో రాత్రికి మళ్లీ అందులోకే వచ్చి పడుకోవచ్చు. పెట్టిన తిండి అలాగే మిగిలిపోతుంటే అప్పుడు తీసెయ్యండి.