పోర్టు లోడుతో సాలూరు ఘాట్‌ ఎక్కే ముందు

పొగమంచు రోజులొచ్చాయి. విశాఖ నుంచి రాయ్‌పూర్‌ వైపు వెళ్లే డ్రైవరన్నలు ఇవి చూసుకోండి.

ఘాట్‌ దిగేటప్పుడు న్యూట్రల్‌ వద్దే వద్దు. డీజిల్‌ మిగులుతుందని ఇంజిన్‌ ఆపితే బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్‌ కూడా ఆగుతుంది. తొక్కేకొద్దీ గాలి తగ్గిపోయి బ్రేకు పట్టదు. ఎక్కిన గేరులోనే దిగండి. మిగతావన్నీ దీని తర్వాతే.

కాటా చీటీ చూడండి. ఓవర్‌లోడైతే జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000. ఎక్కువైన సరుకు దింపాకే బండి కదలనిస్తారు.

నాలుగు లైన్ల హైవేపై లారీకి కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం 80, ఊళ్లలోనూ మామూలు రోడ్లపైనా 60. రాష్ట్రాలు ఇంకా తగ్గించవచ్చు, అందుకే ఒడిశాలోకి వెళ్లగానే బోర్డులు చదవండి.

వెనక రిఫ్లెక్టర్‌ టేపు తుడవండి. మంచులో వెనకొచ్చేవాళ్లకు ముందు కనబడేది అదే.

ఐదు గంటలు నడిపాక అరగంట ఆగండి.