పీహెచ్‌డీ ఆఫర్ వచ్చాక క్యాంపస్ చూడటానికి వెళ్ళాలా, వద్దా?

అమెరికా విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీకి దరఖాస్తు చేసినవారికి జనవరి నుంచి మార్చి వరకు ఆఫర్లు వస్తుంటాయి. సైన్స్, ఇంజినీరింగ్ విభాగాలు చాలావరకు ఫిబ్రవరి, మార్చి నెలల్లో, సీటు ఇచ్చిన విద్యార్థులను ఒకటి రెండు రోజులు క్యాంపస్‌కు పిలిచి, ప్రొఫెసర్లతోనూ సీనియర్ విద్యార్థులతోనూ మాట్లాడించి పంపుతాయి. దీన్నే విజిట్ డే అనీ ఓపెన్ హౌస్ అనీ అంటారు. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ (పీజీ, పీహెచ్‌డీ చదువులు నడిపే విశ్వవిద్యాలయాల సంఘం) తీర్మానాన్ని అంగీకరించిన విశ్వవిద్యాలయాలు, ఆర్థిక సహాయంతో కూడిన ఆఫర్‌కు జవాబు చెప్పడానికి ఏప్రిల్ 15 వరకు గడువు ఇస్తాయి. కాబట్టి ప్రయాణం పెట్టుకోవాలా వద్దా అన్నది ఈ కొద్ది వారాల్లోనే తేల్చుకోవాలి.

ముందుగా, వచ్చిన ఆహ్వానం ఏ రకమైనదో చూసుకోండి. జీవశాస్త్ర విభాగాలు తరచుగా సీటు ఖాయం చేయకముందే ఇంటర్వ్యూ కోసం పిలుస్తాయి. అది ఎంపికలో భాగం కనుక హాజరు కావలసిందే. దూరదేశంలో ఉన్నవారు వీడియో ఇంటర్వ్యూ పెట్టమని కోరవచ్చు. కంప్యూటర్ సైన్స్ వంటి విభాగాల్లో పిలుపు చాలావరకు సీటు ఇచ్చాకే వస్తుంది. ఇక్కడ పరిశీలించి చూసుకోవలసింది మీరు. సొంత ఖర్చుతో చేసే ఎం.ఎస్.కు విభాగాలు టికెట్ ఇచ్చి పిలవడం అరుదు. ఆ డబ్బేదో ఫీజుకు దాచుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

టికెట్ సంగతి ఆలోచించే ముందు ఒక కాగితం తీసుకుని, మీరు నిజంగా చేరే అవకాశమున్న రెండు మూడు చోట్ల పేర్లు రాసి, ఒక్కొక్క దాని కింద మీకు ఇంకా తెలియని విషయాలన్నీ రాయండి. అందులో ఈమెయిల్‌తో తెలిసేవాటిని కొట్టివేయండి. స్టైపెండ్ తొమ్మిది నెలలకా పన్నెండు నెలలకా, అందులోంచి యూనివర్సిటీ ఫీజులు ఏమైనా కట్టుకోవాలా, ఆరోగ్య బీమా ఎవరు కడతారు, ఎన్నేళ్ళ వరకు నిధులకు హామీ ఉంది, ఆ ఊళ్ళో గది అద్దె ఎంత అన్నవాటి కోసం విమానం ఎక్కనక్కర్లేదు. పైగా డబ్బుకు సంబంధించిన మాట నోటితో చెప్పించుకోవడం కంటే రాతలో ఉండటమే మేలు. ఆ తరువాత, జవాబు ఎటు వచ్చినా మీ నిర్ణయాన్ని మార్చని ప్రశ్నలను కూడా కొట్టివేయండి. ఏమీ మిగలకపోతే ప్రయాణం అవసరం లేదు. మిగిలితే, అది చాలామంది విషయంలో అడ్వైజర్ గురించే అయి ఉంటుంది. ఐదారేళ్ళు ఎవరి దగ్గర పనిచేయబోతున్నారో ఆ మనిషి విద్యార్థులతో ఎలా మసలుకుంటారన్నది ల్యాబ్ వెబ్‌సైట్ చూస్తే తెలిసేది కాదు.

ఇప్పటికే అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్న మన విద్యార్థులు, విభాగమే ఖర్చు భరిస్తానన్నప్పుడు తప్పక వెళ్ళాలి. అయితే చాలాచోట్ల ముందు మీరు పెట్టుకున్న ఖర్చును తరువాత తిరిగి ఇస్తారు కనుక, ఎంతవరకు ఇస్తారో ముందే అడిగి తెలుసుకుని, రసీదులన్నీ జాగ్రత్తగా ఉంచుకోండి. రెండు చోట్ల మధ్య తేల్చుకోలేకపోతున్నప్పుడు ఒక్కదానికే వెళ్ళి రావడం మంచిది కాదు. అక్కడి మనుషుల ఆదరణ కళ్ళ ముందు కదులుతుంటుంది కనుక, చూసి వచ్చిన చోటు చూడని చోటుకన్నా మెరుగ్గానే తోస్తుంది. రెండో చోట విజిట్ డే తేదీ దాటిపోయి ఉంటే, మరో రోజు విడిగా రావచ్చా అని అడగండి. చేరకూడదని ముందే నిశ్చయించుకున్న చోటికి మాత్రం, టికెట్ వాళ్ళదే కదా అని వెళ్ళకండి. ఆ రోజు మీకోసం సమయం కేటాయించే విద్యార్థులకు అది అన్యాయం.

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వెళ్ళాలనుకునేవారి సంగతి వేరు. చదువుకోసం ఎలాగూ ఎఫ్-1 వీసా తీసుకోవాలి. ఈ రెండు రోజుల పని కోసం బీ1/బీ2 విజిటర్ వీసాకు విడిగా 185 డాలర్లు కట్టి, ఇంటర్వ్యూ తేదీ కోసం ఎదురుచూడాలి. ఆ తేదీ విజిట్ డే లోపు దొరకడమే కష్టం. ఒకవేళ వీసా నిరాకరిస్తే, ఆ సంగతిని తరువాత ఎఫ్-1 కోసం నింపే డీఎస్-160 వీసా దరఖాస్తు పత్రంలో చెప్పాల్సి వస్తుంది. ఒక క్యాంపస్ చూడటం కోసం అసలు చదువుకు అవసరమైన వీసాకు చిక్కు తెచ్చుకోవద్దని గట్టిగా చెబుతాను. అక్కడ ఉన్న అక్కనో అన్ననో చూడటానికి లోగడ తీసుకున్న విజిటర్ వీసా ఇంకా చెల్లుబాటులో ఉండి, విభాగం టికెట్‌లో పెద్దభాగం ఇస్తానంటే, అప్పుడు ఆలోచించవచ్చు.

వెళ్ళలేనివారు వీడియో కాల్‌తోనే చాలావరకు పని సాధించవచ్చు. 2020 మార్చిలో కోవిడ్ కారణంగా విభాగాలు ఈ కార్యక్రమాలను ఆన్‌లైన్‌కు మార్చినప్పుడు విద్యార్థులు ఇలాగే నిర్ణయించుకున్నారు. ప్రొఫెసర్‌తో ఒకసారి మాట్లాడితే చాలు. ఈ ఏడాది ఎంతమందిని తీసుకుంటున్నారు, వేరే విశ్వవిద్యాలయానికి మారే ఆలోచన ఉందా, మీకిచ్చే నిధులు ఏ ప్రాజెక్టు నుంచి వస్తాయి అన్నవి అడగండి. అసలు సమయమంతా ఆ ల్యాబ్ విద్యార్థులకు ఇవ్వండి. ఒకరు మూడో నాలుగో సంవత్సరంలో ఉన్నవారు, ఒకరు ఇటీవలే పట్టా పుచ్చుకున్నవారు, వీలైతే మధ్యలో ల్యాబ్ మారినవారు ఒకరు ఉంటే విషయం బాగా తెలుస్తుంది. కాలిఫోర్నియా విద్యార్థితో ఫిబ్రవరిలో మన ఉదయం ఏడు గంటలకు మాట్లాడితే, వాళ్ళకది ముందురోజు సాయంత్రం అయిదున్నర అవుతుంది. ల్యాబ్ పని ముగించుకుని తీరికగా మాట్లాడగలుగుతారు.

ఎదురుగా కూర్చుని అడిగినా, తెర మీద అడిగినా, “మీ అడ్వైజర్ మంచివారేనా?” అంటే “అవును” అన్న జవాబే వస్తుంది. జరిగిన సంగతులు అడగండి. చివరిసారి పేపర్ డ్రాఫ్ట్ పంపితే ఎన్నాళ్ళకు తిరిగి వచ్చింది? క్రితం వారం మీటింగ్‌లో ఏం మాట్లాడుకున్నారు? ప్రయోగం విఫలమైందని చెప్పినప్పుడు ఆయన ఏమన్నారు? చెల్లెలి పెళ్ళికి మూడు వారాలు ఇండియా వెళ్ళివస్తానంటే ఒప్పుకుంటారా, ఇంతకుముందు ఎవరైనా అలా వెళ్ళారా? ఈ చివరి ప్రశ్న మనవాళ్ళకు చాలా ముఖ్యం, ఎందుకంటే ఇంటికి వెళ్తే వీసా స్టాంపింగ్ (పాస్‌పోర్టులో కొత్త వీసా వేయించుకోవడం) ఆలస్యమై వారాలు గడిచిపోయే అవకాశం ఉంటుంది. ఒక విద్యార్థి తడుముకుంటే దాన్ని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, కానీ ఇద్దరు ముగ్గురు ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోయి మాట మారిస్తే దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

స్వయంగా వెళ్ళినవారు, ప్రొఫెసర్లు లేనిచోట విద్యార్థులతో భోజనానికి కూర్చునే అవకాశాన్ని వదులుకోవద్దు. వాతావరణాన్ని చూసి మాత్రం తొందరపడి తీర్పు చెప్పకండి. ఫిబ్రవరిలో మినియాపొలిస్ చలి భయపెడుతుంది, మార్చిలో అరిజోనాలోని టెంపీ హాయిగా ఉంటుంది. అదే టెంపీలో జూలై మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంది. తిరుగు ప్రయాణానికి ముందే, ఆ రాత్రే, కాగితం మీద మిగిలిన ప్రశ్నలకు దొరికిన జవాబులను రాసి పెట్టుకోండి.

నిర్ణయం కుదరగానే చేరబోయే చోటికి ఆమోదం తెలిపి, మిగిలిన విభాగాలకు రావడం లేదని ఏప్రిల్ 15 దాకా ఆగకుండా వెంటనే మెయిల్ పంపండి. వెయిటింగ్ లిస్టులో ఉన్న మరో విద్యార్థికి ఆ సీటు సకాలంలో అందుతుంది.