బీటిల్ 1600: కార్బ్యురేటర్ మార్చేముందు

ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ 1600 ఇంజన్‌కి, రోజువారీ వాడకానికైతే, 34 పిక్ట్-3 సోలెక్స్ కార్బ్యురేటర్ చాలు. యాక్సిలరేటర్ తొక్కగానే బండి తడబడుతోందా? ముందు డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్‌లకు కరెంటు పంచే భాగం) చూడండి. వాక్యూమ్ గొట్టం లేని 009 రకం డిస్ట్రిబ్యూటర్ ఉంటే స్పార్క్ అడ్వాన్స్ (స్పార్క్‌ని ముందుకు జరపడం) ఆలస్యమవుతుంది. వాక్యూమ్ అడ్వాన్స్ ఉన్నది వేయండి. ఐడిల్ జెట్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం) పెంచడం పైపూతే.

ఐడిల్ సెట్టింగ్ ఇంజన్ వేడెక్కి, చోక్ (చల్లటి ఇంజన్‌కి గాలి తగ్గించే పళ్లెం) పూర్తిగా తెరుచుకున్నాకే. కార్బ్యురేటర్ మీది చిన్న స్క్రూని (ఐడిల్ మిశ్రమాన్ని సరిచేసేది) మెల్లగా చివరిదాకా బిగించి రెండున్నర చుట్లు విప్పండి (గట్టిగా బిగిస్తే మొన పాడవుతుంది). పెద్ద బైపాస్ స్క్రూతో (ఐడిల్ గాలిని సరిచేసేది) 850 ఆర్‌పీఎంకి తెండి. చిన్నదాన్ని వేగం గరిష్ఠమయ్యేదాకా విప్పి, 20-30 ఆర్‌పీఎం తగ్గేలా బిగించి, మళ్లీ బైపాస్‌తో 850.

థ్రాటిల్ లివర్ స్క్రూతో ఐడిల్ పెంచొద్దు. థ్రాటిల్ పళ్లెం (యాక్సిలరేటర్‌తో తెరుచుకునేది) ఎక్కువగా తెరుచుకుంటే ఈ రెండు స్క్రూలూ పనిచేయవు. థ్రాటిల్ షాఫ్ట్ చేత్తో కదిపితే ఊగుతోందా? బుష్‌లు (షాఫ్ట్ చుట్టూ ఉండే తొడుగులు) వేయించేదాకా ఏ సెట్టింగూ నిలవదు.