మళ్ళీ ఓటు పెట్టమని అడగొచ్చా? తేల్చుకోవడం ఎలా

ఓడినవాళ్ళు మళ్ళీ ఓటు పెట్టమంటారు, గెలిచినవాళ్ళు ప్రజలు తీర్పు ఇచ్చేశారు ఇంక ఆపండి అంటారు. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వెళ్ళాలా వద్దా అన్న గొడవ 2016 నుంచి 2019 దాకా ఈ రెండు మాటల మధ్యే నలిగింది. అదెక్కడో దొరల దేశం సంగతి, మనకెందుకు అని ఒడిశాలో రాయగడలోనో గునుపూర్‌లోనో కూర్చున్నవాళ్ళం అనుకోవడానికి లేదు. ఇక్కడి నియమగిరి కొండ మీద బాక్సైటు తవ్వొచ్చా అని 2013లో 12 పల్లిసభలు (ఊరివాళ్ళంతా కూర్చుని తేల్చే గ్రామసభలు) జరిగి, పన్నెండూ తవ్వకం వద్దని తేల్చి చెప్పాక, 2016లో ఆ సభలు మళ్ళీ పెట్టించండని ఒడిశా ప్రభుత్వ గనుల సంస్థే సుప్రీంకోర్టుకి వెళ్ళింది. అంటే ఇంగ్లండ్‌లో అడిగిన ప్రశ్నే మన కొండల్లోనూ అడిగారు. రేపు మీ ఊరి సభలో కూడా అడగొచ్చు. అప్పుడు మీ దగ్గరికి సంతకం కోసం ఎవరో వస్తారు, పెట్టాలా వద్దా అని ఆ నిమిషంలో ఆలోచిస్తే కుదరదు. అందుకే ముందే ఒక పద్ధతి పెట్టుకోండి.

మొదట అడిగిన ప్రశ్న తెప్పించి చదవండి

ఫలితం గురించి వాదించే ముందు ప్రశ్న చూడండి. చాలామంది ఇది చెయ్యరు. 2016 జూన్ 23న బ్రిటన్ వాళ్ళ బ్యాలెట్‌లో ఉన్నది రెండే దారులు: యూనియన్‌లో ఉండటం, లేదా బయటికి రావడం. బయటికి వచ్చాక వ్యాపారం ఏ షరతుల మీద జరుగుతుంది, కస్టమ్స్ ఒప్పందంలో ఉంటారా, ఐర్లండ్ సరిహద్దు దగ్గర తనిఖీలు వస్తాయా, ఇవేవీ అందులో లేవు. 51.9 శాతం మంది, దాదాపు 1 కోటి 74 లక్షల మంది, బయటికి అన్నారు, కానీ ఒక్కొక్కరి మనసులో ఉన్న 'బయట' వేరు. అందుకే ఆ ఫలితం వచ్చాక మూడేళ్ళు పార్లమెంటు కొట్టుకుంది.

నియమగిరి ప్రశ్న అలాంటిది కాదు. ఆ కొండ మీద తవ్వితే మీ అటవీ హక్కులకీ, కొండ దేవుడు నియమరాజు పూజకీ దెబ్బ తగులుతుందా అన్నదే అక్కడి విషయం, 2013 ఏప్రిల్ 18 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఆ నిర్ణయాన్ని గ్రామసభలకి వదిలింది. జవాబు పన్నెండు చోట్లా ఒకటే వచ్చింది. దాంట్లో తేలకుండా మిగిలిపోయిందేమీ లేదు. మొదటి జవాబులో నిజంగా ఏదైనా తేలకుండా మిగిలిందా అన్నది మీ మొదటి పరీక్ష. మిగిలితే ఆ మిగిలినదాని గురించి అడగమనండి. ఏమీ మిగలకపోతే రెండోసారి అడగమనడం జనాన్ని అలిసిపోయేలా చెయ్యడమే.

అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది?

ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మంచి రెండో ఓటుకీ చెడ్డ రెండో ఓటుకీ తేడా ఎక్కువగా ఇక్కడే తెలుస్తుంది. డెన్మార్క్ చూడండి. 1992 జూన్‌లో యూరోపియన్ యూనియన్‌ని ఏర్పరిచే మాస్ట్రిక్ట్ ఒప్పందానికి 50.7 శాతం మంది వద్దన్నారు. వాళ్ళ నాయకులు అదే కాగితం మళ్ళీ పట్టుకుని జనం దగ్గరికి వెళ్ళలేదు. యూరో కరెన్సీ, రక్షణ, న్యాయ వ్యవహారాలు, పౌరసత్వం, ఈ నాలుగింటిలో డెన్మార్క్‌కి మినహాయింపు తెచ్చుకుని, అప్పుడు 1993 మేలో అడిగారు. 56.7 శాతం మంది సరే అన్నారు. వద్దన్నవాళ్ళ మాట విని, దాని ప్రకారం ఒప్పందాన్ని మార్చి, మళ్ళీ అడగడం అంటే ఇదీ. నా దృష్టిలో దీన్ని తప్పుపట్టడానికి లేదు.

ఐర్లండ్ రెండుసార్లు ఇలా చేసింది, రెండూ ఒక్కలా లేవు. 2001లో యూనియన్‌దే ఇంకొకటి, నీస్ ఒప్పందాన్ని తిరస్కరించినప్పుడు ఓటేసింది 35 శాతం లోపే, కాబట్టి 2002లో మళ్ళీ అడిగారంటే కొంత అర్థం ఉంది. 2008లో యూనియన్ లిస్బన్ ఒప్పందానికి 53.4 శాతం మంది వద్దన్నాక తటస్థత, పన్నులు, అబార్షన్ చట్టం, యూనియన్ కమిషన్‌లో తమ కమిషనర్ పదవి, వీటి మీద హామీలు తెచ్చుకుని 2009 అక్టోబరులో అడిగితే 67.1 శాతం మంది ఒప్పుకున్నారు. కానీ ఈ మధ్యలో ఆర్థిక సంక్షోభం వచ్చి పడింది, జనం హామీలు చూసి ఓటేశారో భయపడి ఓటేశారో విడదీసి చెప్పడం కష్టం. అవునన్నదాకా అడుగుతూనే ఉంటారు అని యూరప్‌లో చాలామంది చేదుగా అనడానికి ఇదొక కారణం, ఆ మాటని తేలిగ్గా కొట్టిపారెయ్యకండి.

మరి నియమగిరి? 2013లో, 2016లో కొండ అదే, బాక్సైటు అదే, దాన్ని దేవుడిగా కొలిచే డోంగ్రియా కోందు గిరిజనులూ వాళ్ళే. 2016 మేలో సుప్రీంకోర్టు ఆ అభ్యర్థనని ఒప్పుకోలేదు. నా లెక్కలో అది సరైన పని.

బ్రిటన్ విషయంలో నా తీర్పు వేరు. పొలం కొనేటప్పుడు బయానా ఇచ్చాక లింకు డాక్యుమెంట్లు చేతికొస్తాయి, అవి చూసి రిజిస్ట్రేషన్‌కి వెళ్ళేముందు ఇంట్లోవాళ్ళని మరోసారి అడుగుతాం కదా, 2018 చివర్లో ఒప్పందం ముసాయిదా బయటపడ్డాక బ్రిటన్ పరిస్థితి అదే. ఒప్పందాన్ని పార్లమెంటు 2019 జనవరి 15న 432 మంది వద్దని, 202 మంది సరేనని తిప్పికొట్టింది. ఏప్రిల్ 1న ఒప్పందం ఏదైనా సరే ప్రజల ముందు పెట్టాలన్న ప్రతిపాదన 280కి 292 తేడాతో, అంటే పన్నెండు ఓట్లతో పోయింది. ఈ షరతులకి ఒప్పుకుంటారా అని అడిగి ఉంటే అది కొత్త ప్రశ్నే, అడగాల్సిన ప్రశ్నే. 2016లో తప్పు చేశారు, సరిదిద్దుకోండి అని అడిగి ఉంటే మాత్రం పాత ప్రశ్నే. ఆ ఉద్యమంలో రెండు రకాల వాళ్ళూ కలిసిపోయారు, దానివల్ల మొదటి రకం వాళ్ళ న్యాయమైన మాట కూడా నమ్మకం పోగొట్టుకుంది.

నియమాలు ఎప్పుడు రాశారు?

ఎంతమంది ఓటేస్తే చెల్లుతుంది, ఎంత మెజారిటీ కావాలి అన్నది ఓటుకి ముందే రాసి ఉండాలి. స్కాట్లండ్‌లో 1979లో సొంత అసెంబ్లీ కావాలా అని అడిగినప్పుడు మొత్తం ఓటర్లలో 40 శాతం అవునంటేనే చెల్లుతుందని ముందే పెట్టారు. పోలైన ఓట్లలో 51.6 శాతం అవునన్నా, మొత్తం ఓటర్ల లెక్కలో అది 33 శాతానికి అటూఇటూ తేలింది, అసెంబ్లీ రాలేదు. చేదుగానే ఉంది కానీ నియమం అందరికీ ముందే తెలుసు. మళ్ళీ అడిగింది పద్దెనిమిదేళ్ళ తర్వాత, 1997లో, అప్పుడు 74.3 శాతం అవునన్నారు. అంత ఎడం ఉంటే ఓటర్లలో ఒక తరమే మారిపోతుంది, అది మళ్ళీ అడగడానికి చాలా బలమైన కారణం.

2016లో బ్రిటన్‌లో 40 లక్షలకి పైగా జనం సంతకం పెట్టిన పిటిషన్ దీనికి తిరగేసిన కథ. 75 శాతం పోలింగ్, 60 శాతం మెజారిటీ రాకపోతే మళ్ళీ ఓటు పెట్టాలని అది అడిగింది. పిటిషన్ ఓటుకి ముందే మొదలైనా, సంతకాలు దాదాపు అన్నీ ఫలితం వచ్చాకే పడ్డాయి. పోలింగ్ 72.2 శాతం. ఆట అయ్యాక గీత జరపమంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

ఎవరు అడుగుతున్నారు, ఎవరు నడిపిస్తారు

గోవాని మహారాష్ట్రలో కలపాలా అని 1967 జనవరి 16న అక్కడి జనాన్ని అడిగినప్పుడు, విలీనం కోరుకునే పార్టీయే ప్రభుత్వంలో ఉంది. పోలింగ్ నిష్పక్షపాతంగా ఉండాలని ముఖ్యమంత్రి బందోద్కర్ ప్రభుత్వం ముందే రాజీనామా చేసింది. 54 శాతం మంది విడిగా ఉంటామన్నారు, ఆ మాట నిలబడింది. నియమగిరి సభల్లో జిల్లా జడ్జిలు పరిశీలకులుగా కూర్చున్నారు. కాబట్టి రెండో ఓటు అడిగేవాళ్ళని మీరు ఒకటి అడగండి: నడిపించేది ఎవరు? ఫలితం వల్ల లాభపడేవాళ్ళే భోజనాలు పెట్టి, వ్యాన్లు పంపి, రిజిస్టరు రాస్తామంటే ఆ ఓటు వద్దు.

ఇంకొకటి కూడా తప్పకుండా అడగండి. ఈసారి కూడా మీరు ఓడిపోతే ఒప్పుకుంటారా, ఎన్నేళ్ళు మళ్ళీ అడగరు? దీనికి సూటిగా జవాబు రాకపోతే సంతకం పెట్టకండి. అవతలివాళ్ళని కూడా ఇదే అడగాలి, గెలిచినవాళ్ళు ఎన్నటికీ అడగనివ్వం అంటే అదీ న్యాయం కాదు. 2016 బ్రిటన్ ఓటులో స్కాట్లండ్‌లో 62 శాతం, ఉత్తర ఐర్లండ్‌లో దాదాపు 56 శాతం యూరోపియన్ యూనియన్‌లో ఉంటామన్నారు, దేశం మొత్తం లెక్కలో ఆ మాట కొట్టుకుపోయింది. అలాంటి చోట ఒక మూల గట్టిగా వద్దన్నప్పుడు ఆ మూలకి ఏం చేస్తారో చెప్పకుండా మొత్తం మెజారిటీ చూపించి ఊరుకోమంటే గాయం మానదు.

బ్యాలెట్ మీద ఎన్ని దారులుండాలి అన్నది తేలిగ్గా వదిలెయ్యకండి. మూడు దారులు పెడితే ఒకవైపు ఓట్లు రెండుగా చీలి, తక్కువమంది కోరుకున్నది గెలవొచ్చు. న్యూజిలాండ్ దీన్ని చక్కగా దాటింది. 1992లో ఎన్నికల పద్ధతి మార్చాలా, మారిస్తే ఏది కావాలి అని రెండు ప్రశ్నలు విడివిడిగా అడిగి, ఎక్కువమంది కోరుకున్నదాన్ని పాత పద్ధతితో పోటీకి పెట్టి 1993లో మళ్ళీ అడిగింది. రెండో ఓటు మొదటినుంచీ ప్లానులోనే ఉంది కాబట్టి దాన్ని మోసం అనడానికి లేదు.

మన ఊరి దగ్గరికి వస్తే

మన రాజ్యాంగంలో దేశవ్యాప్త రెఫరెండం పెట్టే ఏర్పాటు లేదు. రాష్ట్రాల సరిహద్దులు 3వ అధికరణ కింద పార్లమెంటు చేతిలో ఉన్నాయి. ఆంధ్రా (సాలూరు) వైపు నుంచీ ఒడిశా (కొరాపుట్) వైపు నుంచీ మావంటే మావని లాక్కుంటున్న కోటియా గ్రామాల్లో ఓటు పెట్టి తేల్చెయ్యొచ్చు కదా అని మన తెలుగువాళ్ళలోనే కొందరంటారు, ఆ ఓటుకి చట్టపరంగా బలం ఉండదు. పల్లిసభ మాట వేరు, దానికి బలం ఉంది. అందుకే జాగ్రత్త అక్కడ కావాలి.

అటవీ హక్కుల నియమాల ప్రకారం సభకి సభ్యుల్లో సగం మందైనా రావాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతైనా ఆడవాళ్ళు ఉండాలి. తీర్మానం ఒడియాలో రాస్తారు కాబట్టి కోందుల భాష కువి మాట్లాడేవాళ్ళకి కువిలో, మనకి తెలుగులో చదివి వినిపించమని అడగండి, విన్నాకే వేలిముద్ర. ఖాళీ పేజీ కింద సంతకం ఎవరడిగినా వద్దు. మర్నాడే తీర్మానం నకలు అడిగి తీసుకోండి, ఫోన్‌లో ఫోటో కూడా పెట్టుకోండి.

కోరం (రావాల్సినంతమంది) లేకుండా, తప్పుడు సంతకాలతో, చాటింపు లేకుండా సభ జరిపేస్తే మీరు కోరాల్సింది రెండో ఓటు కాదు, అసలు మొదటిదే జరగలేదని చెప్పాలి. ఈ రెండూ కలిపి రాస్తే అవతలివాళ్ళు మిమ్మల్ని ఓడిపోయి ఏడుస్తున్నారని కొట్టిపారేస్తారు. అటవీ హక్కుల మీద చేసిన తీర్మానమైతే, దానివల్ల నష్టపోయినవాళ్ళు తీర్మానం జరిగిన రోజు నుంచి 60 రోజుల్లోపు సబ్ డివిజన్ స్థాయి కమిటీకి పిటిషన్ పెట్టుకోవచ్చు. సభ తేదీ, వచ్చినవాళ్ళ సంఖ్య, రిజిస్టరులో ఉన్న సంఖ్య, చదివి వినిపించారా లేదా, ఈ నాలుగూ ముందు రాసి, మీ కోపం ఏదైనా ఉంటే ఆ తర్వాతి పేరాలో రాయండి, రసీదు తీసుకోకుండా ఆఫీసు నుంచి కదలకండి.