వార్డులో విద్యార్థులకు నేర్పడం - 4: తల ఊపితే నమ్మకండి

పోయిన పాఠంలో నర్సింగ్ విద్యార్థులకి నేర్పే ఐదు మెట్ల పద్ధతి చెప్పుకున్నాం: ఏమనుకుంటున్నావని అడగడం, ఎందుకని అడగడం, ఒక సూత్రం చెప్పడం, బాగా చేసినదాన్ని మెచ్చుకోవడం, తప్పు దిద్దడం. అది చాలామందికి బెడిసికొట్టింది. "అడగ్గానే పిల్లలు బిగుసుకుపోతున్నారు, చివరికి నేనే జవాబు చెప్పేశాను" అన్నదే అందరి గోడు. ఎక్కడ అడిగారంటే, పొద్దున మందుల ట్రాలీ దగ్గర! డాక్టరుగారు రౌండ్స్‌కి వచ్చే వేళకి ఐదు మెట్లూ ఎక్కించబోతే ఎవరికైనా టెన్షనే. 1992లో అమెరికా డాక్టరు నెహర్ బృందం దీన్ని ఫ్యామిలీ మెడిసిన్ నేర్పే డాక్టర్ల కోసం రాసింది. మన హడావిడికి తగ్గట్టు కత్తిరించుకోవాలి. ట్రాలీ దగ్గర మొదటి రెండూ చాలు: ఏమనుకుంటున్నావు, ఎందుకలా అనుకుంటున్నావు. మూడోదైన సూత్రం, తర్వాతి మెప్పు, దిద్దుబాటు టీ టైముకి. నేనైతే రోజుకి ఒక్క సూత్రానికి మించి చెప్పను.

ఇక నాకు ఒళ్లు మండేది: "అర్థమైందా?" దీనికి "అర్థమైంది సిస్టర్" తప్ప వేరే జవాబు రాదు. మనవాళ్లు పెద్దవాళ్ల ముందు కాలేదని చెప్పరు, అందులోనూ ఆంధ్రా నుంచి బెంగళూరుకి కొత్తగా వచ్చిన ఫస్టియర్ పిల్లలు.

చార్టు తీయండి. ఆరు బెడ్లకీ శ్వాస నిమిషానికి 18 అని ఉందనుకుందాం. "సరిగ్గా లెక్కపెట్టావా?" అంటే తల ఊపుతుంది. "ఎలా లెక్కపెట్టావు?" అనండి. "పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించాను" అంటే దొరికిపోయినట్టే. అలా చేస్తే 16 వస్తుంది, 20 వస్తుంది, 18 రానే రాదు. తిట్టకండి. వాచీ ఇచ్చి, పక్కనే నిలబడి నిండు నిమిషం లెక్కపెట్టించండి. లెక్కపెడుతున్నట్టు పేషెంటుకి చెప్పొద్దు, తెలిస్తే ఆయన ఊపిరి తీరే మారుతుంది.

అలాగే "ఇన్సులిన్ ఇచ్చాక భోజనం రాకపోతే ఏం చేస్తావు?" అడిగి నోరు మూసుకోండి. మనసులో పది అంకెలు లెక్కపెట్టుకోండి. ఆ నిశ్శబ్దం మనకే కష్టం, పిల్లకి కాదు.

బెడ్ పక్కన మీరిద్దరూ తెలుగులో మాట్లాడుకుంటుంటే కన్నడ పేషెంటు తనకేదో అయిందని బెదిరిపోతాడు. ముందు ఆయనకి అర్థమయ్యే భాషలో ఒక మాట చెప్పండి.

అభ్యాసం: ఒక షిఫ్టంతా మీరు అడిగిన ప్రతి ప్రశ్ననీ అన్నది అన్నట్టే కాగితం మీద రాయండి. అవును, కాదు అంటే సరిపోయేవన్నీ కొట్టేసి, మర్నాడు అదే విద్యార్థిని వాటినే వేరేగా అడగండి. సగానికి పైగా కొట్టివేతలుంటే అయిదో పాఠం జోలికి రాకుండా ఇంకో షిఫ్టు రాయండి.